మండువేసవిలో మాంసపు కోళ్ళు: మేతలో మూలికలు

కోడికి చెమట పట్టదు. ఈ చిన్న విషయం నుండి మొదలుపెడితే తక్కినదంతా తేలికగా బోధపడుతుంది. మనిషి ఎండలో పనిచేసినప్పుడు ఒళ్ళంతా చెమట పోస్తుంది. ఆ చెమట ఆవిరి అవుతూ శరీరాన్ని చల్లబరుస్తుంది. కోడి చర్మంలో స్వేదగ్రంథులు లేవు. పైగా ఒంటినిండా ఈకల దుప్పటి. దాని సహజమైన ఒంటివేడి కూడ మనకంటె ఎక్కువ. 41 డిగ్రీల సెంటిగ్రేడుకు పైనే ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉన్నంతకాలం ఆ వేడిని గాలిలోనికి వదలుతూ హాయిగా మసలుతుంది. గాలి 30 డిగ్రీలు దాటినది మొదలు ఆ దారి ఇరుకవుతుంది. 40 దాటిన తరువాత దాదాపు మూసుకొనిపోతుంది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు రావడం వింత కాదు గదా! అంటే కోడి ఒంటివేడికంటె గాలివేడే ఎక్కువైపోతున్నదన్నమాట.

అటువంటి వేళ దానికి మిగిలిన ఉపాయం ఒక్కటే: నోరు తెరచి ఒగర్చడం. మామూలుగా నిమిషానికి 20, 30 సార్లు ఊపిరి తీసే కోడి ఎండవేళ 150 సార్లు, ఒక్కొక్కప్పుడు 200 సార్లు తీస్తుంది. నోటిలోని, ఊపిరిగొట్టాలలోని తడి ఆవిరి అవుతున్నప్పుడు ప్రతి గ్రాము నీటితోను సుమారు 580 క్యాలరీల వేడి వెలుపలికి పోతుంది. ఇది ప్రకృతి ఇచ్చిన రక్ష. కాని ఈ రక్షకు వెల ఉన్నది. అంత తొందరగా ఊపిరి విడువడంతో రక్తంలోని బొగ్గుపులుసు గాలి ఉండవలసినంత ఉండక వెళ్ళిపోతుంది. రక్తం క్షారగుణం వైపు మొగ్గుతుంది. ఆ సమతూకాన్ని సరిదిద్దుకోవడానికి మూత్రపిండాలు శ్రమపడి, పొటాషియం వంటి లవణాలను పోగొట్టుకుంటాయి. వేసవిలో గుడ్లపెంకు పలచబడడానికి కూడ మూలం ఇక్కడే ఉన్నది. ఇక మాంసపు కోడి సంగతి చెప్పాలంటే, అది మేత మానుకొంటుంది. తిన్న మేత అరగడం వలన కూడ ఒంటిలో వేడి పుడుతుంది కాబట్టి తినకుండా ఉండడం దానికి ఆత్మరక్షణ. మనకు మాత్రం నష్టం.

పెరట్లో తిరిగే నాటుకోడి ఇదే ఎండను ఎట్లో తట్టుకొంటుంది. చింతచెట్టు నీడకు పోతుంది, మట్టిలో గుంట చేసుకొని పొర్లుతుంది, రెక్కలు విప్పి గాలి పోసుకొంటుంది. దాని పెరుగుదల కూడ నెమ్మది. కిలోన్నర తూగడానికి ఐదారు నెలలు పడుతుంది. మాంసపు కోడి, అంటే మనం బ్రాయిలర్ అని పిలుచుకొనే పక్షి, 40 రోజులలో 2 కిలోలు దాటుతుంది. అంత వేగంగా కండ పట్టే శరీరం లోలోపల సదా రాజుతున్న పొయ్యి వంటిది. కండ పెరిగిన వేగంతో గుండె, ఊపిరితిత్తులు పెరగలేదు. చదరపుటడుగుకు ఒకటి చొప్పున ఇమిడి ఉన్న పక్షికి పోదామంటే వేరే నీడ లేదు. అందుచేత ఎండదెబ్బ మొదట తగిలేది చిన్న పిల్లలకు కాదు. రేపో ఎల్లుండో లారీ ఎక్కవలసిన బరువైన కోళ్ళకు. 35 రోజులు మేపి, మేతఖర్చు అంతా పెట్టిన తరువాత, ఒక్క మధ్యాహ్నంలో అవి పోతాయి.

1971లో బండా వాసుదేవరావుగారు వేంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించిన తరువాత తెలుగుదేశంలో కోళ్ళ పెంపకం పెరటిపని స్థాయి దాటి పరిశ్రమగా ఎదిగింది. ఈనాడు హైదరాబాదు చుట్టుపట్ల జిల్లాలలో మాంసపు కోళ్ళను పెంచే రైతులు అనేకులు సొంతంగా పిల్లలను కొనరు. కంపెనీవారు పిల్లలను, మేతను, మందులను ఇస్తారు. రైతు షెడ్డు, నీరు, కరెంటు, ఊక, కూలిమనుషులను సమకూర్చి, అమ్మకానికి వచ్చిన బరువునుబట్టి కిలోకు ఇంత అని పెంపకపు కూలి తీసుకొంటాడు. చావులు పెరిగినా, తిన్న మేతకు తగిన బరువు రాకపోయినా ఆ కూలి తగ్గుతుంది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలోను వడగాలులు వీచి వేయికి మించి మనుషులే మరణించిన సంగతి శ్రోతలు మరచి ఉండరు. ఆ రోజులలో కోళ్ళ షెడ్లు ఎట్లా ఉండినవో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి మార్చి నెల రాగానే ఈ రైతులు మందుల దుకాణానికి వెళ్ళి ‘ఎండకు ఏదైనా ఇవ్వండి’ అని అడగడం సహజం. అడిగినవారి చేతిలో నేడు తరచుగా పెట్టేది మూలికల పొడి, లేదా మూలికల సారం. దానిలో నిజమెంత, ఆశ ఎంత అన్నది ఆలోచించవలసిన విషయం.

ముందు ‘ఒత్తిడి’ అన్న మాట సంగతి. మాంట్రియల్ నగరంలో పరిశోధన చేసిన హాన్స్ సెల్యే అనే వైద్యుడు 1936లో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ ప్రకటించాడు. ఎలుకలకు చలి తగిలినా, గాయమైనా, విషం పెట్టినా, దెబ్బ ఏదైనా వాటి శరీరంలో కనిపించే మార్పులు ఒకే తీరుగా ఉన్నాయని అతడు గమనించాడు. మూత్రపిండాలమీది అధివృక్క గ్రంథులు ఉబ్బుతాయి, రోగనిరోధానికి ఆధారమైన కణజాలం కుంచించుకొనిపోతుంది, కడుపులో పుండ్లు పడతాయి. కోడిలోనూ ఇదే కథ. ఎండ దెబ్బకు అధివృక్క గ్రంథులు కార్టికోస్టిరోన్ అనే రసాన్ని రక్తంలోనికి వదలుతాయి. ఒక గంటో రెండు గంటలో అయితే అది మేలే చేస్తుంది. దాచుకొన్న శక్తిని విడిపించి ప్రాణం నిలుపుతుంది. వారాల తరబడి సాగితే కండ కరుగుతుంది, కొవ్వు పేరుతుంది, రోగాలను ఎదిరించే శ్వేతకణాలు తగ్గుతాయి. వేసవిలో వేసిన టీకాలు సరిగా పట్టకపోవడానికి ఇది ఒక కారణం.

కోడి తన బాధను చెప్పలేదు గాని దాని రక్తం చెబుతుంది. శ్వేతకణాలలో హెటిరోఫిల్ అనే జాతి, లింఫోసైట్ అనే జాతి ఉన్నవి. ఒత్తిడి పెరిగినకొద్దీ మొదటివి పెరిగి రెండవవి తగ్గుతాయి. గ్రాస్, సీగెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1983లో ఈ రెంటి నిష్పత్తిని ఒత్తిడికి కొలబద్దగా ప్రతిపాదించారు. 0.2 ఉంటే ఒత్తిడి తక్కువ, 0.5 మధ్యస్థం, 0.8 ఎక్కువ అని స్థూలంగా చెప్పవచ్చు. గాజుపలకమీద ఒక్క రక్తపు చుక్క, రంగు, సూక్ష్మదర్శిని ఉంటే చాలు. మూలికల గుణాన్ని పరీక్షించే ప్రయోగాలలో ఈ నిష్పత్తినే ముఖ్యంగా చూస్తారు.

వేడి వలన లోపల జరిగే మరి రెండు హానులను గూర్చి తెలుసుకొంటే, మూలిక ఎక్కడ పనిచేయగలదో తెలుస్తుంది. ఒకటి: వేడిని వెలుపలికి పంపడానికి శరీరం రక్తాన్ని చర్మానికి, జుట్టుకు, గంగడోలుకు మళ్ళిస్తుంది. ఆ మేరకు పేగులకు రక్తం తగ్గుతుంది. ప్రాణవాయువు చాలక పేగు లోపలి పొరలో కణానికి కణానికి మధ్య ఉన్న అతుకులు సడలుతాయి. పేగులోని సూక్ష్మక్రిముల విషాలు ఆ సందులగుండా రక్తంలోనికి ప్రవేశిస్తాయి. రెండు: వేడెక్కిన జీవకణాలలో ప్రాణవాయువు సక్రమంగా వినియోగం కాక, చురుకైన శకలాలు కొన్ని పుడతాయి. కణపు పొరలలో ఉన్న కొవ్వును అవి పాడుచేస్తాయి. నిలవ ఉన్న నూనె కనరెక్కడం మనందరికీ తెలిసినదే. ఇంచుమించు అదే బ్రతికి ఉన్న కోడి ఒంటిలో జరుగుతుంది. మొక్కలు కూడ ఎండలో నిలబడే జీవులే. పరుగెత్తిపోయే వీలు వాటికి లేదు. అందుచేత ఈ కనరును అరికట్టే పదార్థాలను ఆకులోను, వేరులోను, కాయలోను తయారుచేసుకొన్నాయి. ఆ పదార్థాలను మనం కోడి మేతలో కలుపుతున్నాం.

అయితే పక్షుల ఒత్తిడికి మొక్కల మందు వాడాలనే ఆలోచన ఇట్లా మొదలుకాలేదు. దానికి వేరే చరిత్ర ఉన్నది, అదీ మన దేశపు మొక్కతోనే. సర్పగంధ వేరు రక్తపు పోటుకు, ఉన్మాదానికి పనిచేస్తున్నదని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక చంద్ర బోస్ ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సీబా కంపెనీ రసాయనికులు ఆ వేరునుండి రిసర్పిన్ అనే సారాన్ని విడదీశారు. మనుషులను శాంతపరచే మందు కోళ్ళను మాత్రం ఎందుకు శాంతపరచదని, ఆ దశాబ్దంలోనే అమెరికాలో కోళ్ళకు, టర్కీ కోళ్ళకు దానిని మేతలో పెట్టి చూశారు. అది నిజంగా శక్తిగల మందు; నరాలలోని కొన్ని రసాలనే ఖాళీ చేస్తుంది. చిక్కు కూడ అక్కడే ఉన్నది. పక్షి నరాలమీద పనిచేసే మందు దాని మాంసం తినే మనిషి నరాలమీద పనిచేయదని ఎవరు హామీ ఇస్తారు? మూలిక అంటే హాని లేనిది అని అనుకొనేవారు సర్పగంధను ఒకసారి తలచుకోవడం మంచిది.

ఇప్పుడు వాడుతున్నవి అంత తీవ్రమైనవి కావు. 1947లో లాజరెవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞుడు ‘అడాప్టోజన్’ అనే మాట పుట్టించాడు. శరీరాన్ని మత్తులో ముంచకుండా, ఉద్రేకపరచకుండా, కష్టానికి అలవాటు పడే శక్తిని పెంచే పదార్థమని దాని భావం. ఆ కోవలో చెప్పుకొనే మన మూలిక అశ్వగంధ; తెలుగులో పెన్నేరు గడ్డ అంటారు. మధ్యప్రదేశంలోని మందసౌర్, నీమచ్ ప్రాంతాలు దీని పంటకు పేరుపొందినవి. దాని వేరులో విథనోలైడులనే పదార్థాలు ఉన్నవి. కిలో మేతకు 5 నుండి 10 గ్రాముల వేరుపొడి చొప్పున కలిపి మాంసపు కోళ్ళమీద పలు ప్రయోగాలు జరిగాయి. కొన్నిటిలో నేను పైన చెప్పిన రక్తకణాల నిష్పత్తి తగ్గింది, మేత బరువుగా మారడం మెరుగుపడింది. కొన్నిటిలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఫలితాలు ఏకముఖంగా లేవని ఒప్పుకోక తప్పదు.

ఉసిరి సంగతి వేరు. కోడి విటమిన్ ‘సి’ని తన మూత్రపిండాలలో తానే తయారుచేసుకొంటుంది, మనకు ఆ భాగ్యం లేదు. కాని ఎండ తీవ్రతలో ఆ తయారీ అవసరానికి చాలదు. అందుకే వేసవి మేతలో కిలోకు సుమారు 200, 250 మిల్లీగ్రాముల విటమిన్ ‘సి’ కలపడం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఉసిరికాయలో ఆ విటమినుతోపాటు కనరును అడ్డుకొనే వగరు పదార్థాలు కూడ ఉన్నవి. వగరు ఎక్కువైతే అవే మేతలోని మాంసకృత్తులను పట్టుకొని అరగనీయవు. కాబట్టి ఉసిరిపొడిని పిడికెళ్ళతో విసరడం మేలు కాదు.

పసుపును గూర్చి అందరికీ నమ్మకం ఉన్నది. దానిలోని పచ్చని సారం కర్క్యుమిన్. ప్రయోగశాలలో అది గొప్ప పనులు చేస్తుంది. కాని పేగునుండి రక్తంలోనికి పోవడంలో మహా బద్ధకస్తురాలు. మిరియాలలోని పైపరిన్ తోడైతే మనుషులలో కర్క్యుమిన్ రక్తంలోనికి చేరడం అనేకరెట్లు పెరిగిందని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపించారు. పాలలో పసుపు, మిరియాలపొడి కలిపి ఇచ్చిన మన అవ్వలకు ఈ లెక్క తెలియకపోయినా చేత తెలుసు. అయితే కోడి విషయంలో నా దృష్టికి వేరొక సంగతి తోస్తుంది. కర్క్యుమిన్ పేగులోనే ఎక్కువసేపు నిలిచిపోవడం ఇక్కడ పూర్తిగా లోపం కాకపోవచ్చు. ఎండకు ముందుగా దెబ్బతినేది పేగుపొరే గదా!

తులసిలో యూజినాల్, వాములో థైమాల్ వంటి ఘాటైన తైలాలు పేగులోని హానికర క్రిములను అదుపులో ఉంచుతాయి. ఇటువంటి తైలాలకు పాశ్చాత్య దేశాలలో గిరాకీ పెరగడానికి కారణం ఒకటి ఉన్నది. కోళ్ళు త్వరగా పెరగడానికని మేతలో యాంటీబయాటిక్ మందులు కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి పూర్తిగా నిషేధించింది. మన దేశం కూడ 2019లో కొలిస్టిన్ అనే మందును ఆహారపు జంతువులకు వాడరాదని ఉత్తరువు చేసింది. ఆ ఖాళీని నింపడానికి మూలికా తైలాలు ముందుకు వచ్చాయి. సందర్భం వచ్చింది కాబట్టి ఒక ముచ్చట: గుంటూరు మిరపకాయ అయినా సరే, కోడికి కారం తెలియదు. కారాన్ని నరానికి తెలియజేసే ద్వారం పక్షులలో మిరపసారానికి స్పందించదు. చిలుక మిరపపండు తినడం మనం చూస్తూనే ఉన్నాం. చేదు మాత్రం కోడికి తెలుసు. చేదు మూలిక ఎక్కువైతే మేత గిన్నె దగ్గరనుండి వెనుదిరుగుతుంది.

మూలిక అని ఎవరూ పిలవకపోయినా, వీటన్నిటికంటె పనితీరు స్పష్టంగా తెలిసినది మరొకటి ఉన్నది. చక్కెర తీసే బీటుదుంప రసంలో మొదట కనుగొన్నందువలన దానికి బీటైన్ అని పేరు వచ్చింది. అది జీవకణంలో చేరి నీటిని పట్టి ఉంచుతుంది. ఒగర్చి ఒగర్చి నీటిని పోగొట్టుకొంటున్న పక్షికి ఇది ప్రత్యక్షమైన సాయం. కిలో మేతకు ఒకటి రెండు గ్రాములు చాలు. ప్రచారపు మాటలలో దీనికి అశ్వగంధకున్న ఆకర్షణ లేదు గాని, నన్నడిగితే దీనికే ముందు చోటిస్తాను.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక మాట గట్టిగా పట్టుకోవలెను. వీటిలో ఏదీ షెడ్డులోని వేడిని ఒక్క డిగ్రీ కూడ తగ్గించదు. కోడి ఒంటివేడి 46, 47 డిగ్రీలకు చేరితే అది చనిపోతుంది. ఆ స్థితికి చేరిన కోడిని ఏ వేరూ ఏ కాయా బ్రతికించదు. మూలిక చేయగలిగినది దినాల తరబడి సాగే ఎండలో కణాలకు, పేగుకు జరిగే నష్టాన్ని కొంత తగ్గించడం. దినమంతా 36, 38 డిగ్రీలలో నెట్టుకొని వస్తున్న మందకు అది సాయపడవచ్చు. 44 డిగ్రీల గాలిలో, ఫ్యాను లేని షెడ్డులో, వేడినీళ్ళు తాగుతున్న మందకు మూలిక పెట్టడం ఇల్లు కాలుతుంటే నూయి త్రవ్వడమే.

అందుచేత ఖర్చు చేయవలసిన మొదటి రూపాయి కప్పుమీద పెట్టవలెను. రేకులకు సున్నం వేయడం, పైన గడ్డి పరచి తడపడం, పక్కలకు తడి గోనెపట్టాలు కట్టడం పాత పద్ధతులే గాని వాటిని మించినవి తక్కువ. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి దూరదు. తెలంగాణాలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి తుంపరలు చల్లే ఫాగర్లు బాగా పనిచేస్తాయి. కోస్తాలో గాలిలోనే తడి ఎక్కువ. అక్కడ గాలి కదలకుండా తుంపరలు మాత్రమే చల్లితే కోడి ఒగర్చినా తడి ఆవిరికాదు, ప్రమాదం హెచ్చుతుంది. అక్కడ ఫ్యానులే ముఖ్యం. ఉదయం 9, 10 గంటలకు మేత గిన్నెలు పైకెత్తి, సాయంకాలం ఎండ తగ్గినాక దించితే, అరుగుదల వేడి, మధ్యాహ్నపు ఎండ రెండూ ఒకేసారి పక్షిమీద పడవు. మామూలు రోజులలో తిన్న మేతకు రెండింతలు నీరు తాగే కోడి, ఎండలో మూడు నాలుగు రెట్లు తాగుతుంది. మిద్దెమీది నల్లని తొట్టిలో కాగిన నీటిని అది ముట్టదు. తొట్టికి నీడ కట్టి, గొట్టాలలో నిలిచిన వేడినీటిని మధ్యాహ్నం ఒకటి రెండుసార్లు వదిలివేయవలెను.

ఈ ఏర్పాటు చేసుకొన్న రైతు మూలికవైపు చూడవచ్చు. చూచేముందు ఒక చిక్కును గమనించవలెను. ఎండలో కోడి మేత తగ్గిస్తుంది గదా! మేతలో కలిపిన మూలిక కూడ ఆ మేరకు తగ్గిపోతుంది. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వారికి తక్కువ అందుతుంది. అదీగాక, ఈ పదార్థాలు గంటలలో పనిచేసేవి కావు. వడగాలి వచ్చిన రోజున సంచి విప్పితే ప్రయోజనం లేదు. ఎండలు ముదరడానికి వారం పది రోజుల ముందే మొదలుపెట్టి, రాత్రి, వేకువజాము మేతలలో అందేటట్లు చూడవలెను. నీళ్ళలో కరిగే సారాలకు ఈ చిక్కు తక్కువ. వేసవిలో కోడి మేత మానినా నీరు మానదు.

ఖర్చు లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఒక కోడి పుట్టినది మొదలు అమ్మకం వరకు సుమారు మూడున్నర కిలోల మేత తింటుంది. కిలోకు 5 గ్రాముల చొప్పున అయితే కోడికి 17.5 గ్రాముల పొడి. 5,000 కోళ్ళకు 87.5 కిలోలు. ప్రమాదం ఎక్కువైన చివరి రెండు వారాలకే పరిమితం చేస్తే, కోడికి 2 కిలోల మేత అనుకొన్నా, 50 కిలోలతో సరిపోతుంది. మీ ఊరి ధరతో గుణించి, ఎన్ని కోళ్ళు బ్రతికితే ఆ సొమ్ము తిరిగివస్తుందో చూసుకోండి. కలిపేటప్పుడు మొత్తం మేతలో ఒకేసారి చల్లవద్దు. ముందు కొద్దిపాటి మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, దానిని తక్కిన మేతలో కలిపితే ప్రతి ముద్దలోను సమంగా ఉంటుంది. కంపెనీ మేతతో పెంచే రైతులు ఆ కంపెనీ పర్యవేక్షకుని అనుమతి లేకుండా ఏదీ కలపరాదు. ఆ మేతలో ఇదివరకే ఏమి కలిపి ఉన్నారో వారికే తెలుసు.

కొనే సరుకు విషయంలో నాకు కొంత కటువుగా మాట్లాడాలని ఉన్నది. ఘాటైన వాసన, ముదురు రంగు, సీసామీద కోడిపుంజు బొమ్మ ఇవి గుణానికి సాక్ష్యాలు కావు. ఏ మొక్క, దానిలో ఏ భాగం, పొడియా సారమా, సారమైతే దానిలో ముఖ్యపదార్థం నూటికి ఎంత, ఎప్పుడు తయారైనది అన్న ప్రశ్నలకు చీటీమీద జవాబు లేకపోతే ఆ సీసాను దుకాణంలోనే వదిలివేయడం ఉత్తమం. పసుపులో కర్క్యుమిన్ ఒక రకంలో 2 శాతం, మరొక రకంలో 5 శాతం ఉండవచ్చు. ఇద్దరు రైతులు ఒకే కొలత వేసి, ఒకరు మేలు చూచి మరొకరు చూడకపోతే అబద్ధమాడినవారు ఎవరూ ఉండనక్కరలేదు. పసుపుపొడికి మెరుగు తేవడానికి సీసపు రంగు కలిపే దుర్మార్గం కూడ లోకంలో ఉన్నది. ఆ సీసం కోడిలోనికి, కోడినుండి మనలోనికి వస్తుంది. నిజామాబాదు, దుగ్గిరాల సంతలు అందుబాటులో ఉన్న మనవారు కొమ్ములు కొని దంచుకోవడం క్షేమం. తడిసి బూజుపట్టిన వేళ్ళు, ఉసిరిచెక్కలు చవకగా వస్తాయి. బూజులోని విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అప్పుడు మందే జబ్బవుతుంది.

ఇక ఏ మూలిక మీ షెడ్డులో పనిచేస్తున్నదో తెలుసుకొనే మార్గం మీ చేతిలోనే ఉన్నది. పొరుగూరి రైతు చెప్పినదానికంటె, ఈ ప్రసంగంలో నేను చెప్పినదానికంటె అదే నమ్మదగినది. ఒకే రోజున, ఒకే చోటునుండి వచ్చిన పిల్లలను వలతడకతో రెండు సమాన భాగాలు చేయండి. మేత, నీరు, ఫ్యానులు, చదరపుటడుగుకు కోళ్ళ సంఖ్య అన్నీ ఒకటిగా ఉండవలెను. ఒక భాగానికి మూలిక కలపండి, రెండవ దానికి వద్దు. వారానికొకసారి ఒక్కొక్క భాగంనుండి 50 కోళ్ళను, లావువాటిని ఏరకుండా, చేతికి అందినవాటిని పట్టి తూచండి. పట్టడం తెల్లవారుజామున చేయండి. ఎండలో పడితే ఆ తొక్కిసలాటకే కొన్ని పోతాయి. ప్రతిదినం 2 గంటలవేళ రెండు భాగాలలోను ఉష్ణమాపకం చూచి వ్రాసుకోండి. చావులను, తిన్న మేతను, అమ్మిన బరువును వేరువేరుగా వ్రాయండి. అనుమానం ఉంటే రెండు వైపులనుండి కొన్ని కోళ్ళ రక్తం గాజుపలకలమీద పట్టి దగ్గరలోని పశువైద్య ప్రయోగశాలకు పంపవచ్చు.

ఒక్క విడతతో తీర్పు చెప్పవద్దు. పడమటి గోడవైపు సాయంకాలపు ఎండ ఎక్కువగా తగులుతుంది. తూర్పువైపు మూలిక పెట్టి ఉంటే, ఆ నీడ చేసిన మేలు మూలిక ఖాతాలో పడిపోతుంది. మరుసటి విడతలో వైపులు మార్చి, మళ్ళీ అదే లెక్క వ్రాసుకోండి.